చేరేదాకా ఊడవని ఇల్లు

నేను ఏసీలు బాగుచేసే మనిషిని. చప్పుడు వినబడితే అది కంప్రెసర్‌దా, ఫ్యాన్ రెక్కదా, వదులైన స్క్రూదా అని వెతకడం నా పని. ప్రతి చప్పుడుకీ ఒక కారణం ఉంటుందనీ, ఆ కారణం స్క్రూడ్రైవర్‌కి దొరుకుతుందనీ నమ్మి ఇన్నేళ్ళూ అన్నం తిన్నాను. దయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు నవ్వొచ్చేది. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో పాత బడి వెనక ఎవరో ఏడుస్తున్నారని అందరూ భయపడితే, పోయి చూసి, పైకప్పు రేకు లేచి గాలికి కొట్టుకుంటోందని తేల్చి వచ్చింది నేనే. అందుకు మా అవ్వ నన్ను మెచ్చుకోలేదు. "వీనికి తెలివి ఎక్కువైంది" అన్నది.

అలాంటివాణ్ణి ఇది రాయడానికి కూర్చున్నానంటే నాకే ఎలాగో ఉంది. రాయమన్నది నా భార్య సుజాత. "నమ్ముడు నమ్మకపోవుడు తర్వాత. జరిగింది జరిగినట్టు రాయి" అన్నది. సరే, అలాగే రాస్తున్నాను.

మేము జెడ్డాలో బలద్‌లో ఉండేవాళ్ళం. బలద్ అంటే అక్కడి పాతబస్తీ. పగడపు రాయితో కట్టిన పాత మేడలు, వాటికి చెక్క జాలీ కిటికీలు, కింద వరసగా దుకాణాలు. కొత్త పేటల్లో అద్దెలు మా వల్ల కావు. పాత మేడ పైఅంతస్తులో రెండు గదులూ ఒక హాలూ దొరికితే, నాకంటే ముందు సుజాతే ఒప్పుకుంది. మా పాప అక్షరకి అప్పుడు ఐదేళ్ళు. హాలు పెద్దది, పరుగెత్తడానికి చోటుందని దాని సంబరం.

మేడ కింద సాలిం చాచా మసాలా దినుసుల కొట్టు. ఇంటి యజమాని రియాద్‌లో ఉంటాడు కాబట్టి అద్దె, తాళాలు, నీళ్ళ ట్యాంకు అన్నీ చాచాయే చూసేవాడు. వాళ్ళ మూలాలు యెమెన్‌లో. తండ్రి కాలంలోనే సౌదీ పౌరసత్వం వచ్చింది. కొట్టుకి వచ్చే మనవాళ్ళతో, పాకిస్తానీలతో మాట్లాడి మాట్లాడి ఉర్దూ బాగా నేర్చాడు. మోకాళ్ళ నొప్పులని మెట్లు ఎక్కేవాడు కాదు. ఏదైనా పనుంటే కింద నుంచి "రాజేశం" అని కేకేసేవాడు. మేము అక్కడున్న కాలంలో ఆయన ఒక్కసారి కూడా పైకి రాలేదు.

ఇక ఆ రోజుల సంగతి. నితాఖత్ అనే చట్టం వచ్చి కంపెనీలకు రంగులు పూసింది. సౌదీవాళ్ళను తగినంత మందిని పెట్టుకున్న కంపెనీ పచ్చ, పెట్టుకోనిది ఎరుపు. మాది పసుపులో ఊగిసలాడుతుండేది. అది చాలదన్నట్టు ఫ్యామిలీల మీద లెవీ వేశారు. భార్యాపిల్లలకు తలకింత అని నెలనెలా, అదీ ఏటా పెరిగేది. ఇఖామా, అంటే అక్కడుండే అనుమతి కార్డు, రెన్యువల్ అయ్యేటప్పుడు మొత్తం ఒకేసారి ముందే కట్టాలి. పొద్దున లేస్తే ఇదే ముచ్చట. ఎవరు ఫ్యామిలీని పంపించేశారు, ఎవరు పంపబోతున్నారు.

అక్షర క్లాసులో పిల్లలు ఒక్కొక్కరే తగ్గిపోయారు. సందుల్లో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, పిల్లల సైకిళ్ళు బయటపెట్టి, వచ్చే పోయేవాళ్ళని పిలిచి మరీ ఇచ్చేసేవాళ్ళు. ఒకసారి ఒకామె తన కుట్టుమిషన్ని అమ్మలేక, ఎవరికీ ఊరికే ఇవ్వనూ లేక, ముందు పెట్టుకుని కూర్చోవడం చూశాను. సాలిం చాచా కొట్టు గడపలో నిలబడి ఆమెనే చూస్తున్నాడు. "ఇది నేను ఒకసారి చూశాను" అన్నాడు. ఎప్పుడని నేను అడగలేదు. మా తలనొప్పే మాకు చాలు.

సుజాతకి అప్పుడు ఏడో నెల. పుట్టబోయే బిడ్డ అంటే ఇంకో తల, ఇంకో లెవీ. పైగా కంపెనీ రంగు ఎరుపుకి మారితే ఇఖామాలే ఆగిపోతాయి, ఇఖామా లేకపోతే ఆసుపత్రిలో కాన్పు ఎక్కడిది? ఆలోచించి ఆలోచించి తల్లీ కూతుళ్ళకు ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక తిరిగి రాని వీసా, కొట్టించాను. ఇంకో నెల ఆగితే విమానం ఎక్కనివ్వరు. సుజాత ఏడవలేదు. లేచి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

సామాన్లు సర్దే హడావుడిలో అక్షర పట్టీకి ఉన్న మువ్వ ఊడి ఎక్కడో పడిపోయింది. చిన్నది, వెండిది. మంచాలు జరిపి, కార్టన్లు విప్పి వెతికాం, దొరకలేదు. పాప మువ్వ లేకుండా రానని మొండికేసింది. నేను దొరకగానే తెస్తానని ఒట్టేస్తే గానీ చెప్పులు వేసుకోలేదు.

బయల్దేరేటప్పుడు హాలంతా చెత్త. తాళ్ళ ముక్కలు, టేపు, పాత పేపర్లు. సుజాత గడపలో ఆగి వెనక్కి తిరిగింది.

"మేం ఇల్లు చేరినమని ఫోన్ జేసేదాంక ఊకకు. కాగితం ముక్క గూడ తియ్యకు."

"నేనెప్పుడు చీపురు పట్టిన గనుక" అన్నాను.

"నవ్వులాట గాదు. ఇన్నవా?"

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా వైపు ఇంట్లోంచి మనిషి ప్రయాణమై వెళ్తే, చేరినట్టు కబురు వచ్చేదాకా ఇల్లు ఊడవరు. మనిషి పోయిన వెంటనే ఊడ్చి కడిగేది శవం లేచిన ఇంట్లోనే. బతికున్న మనిషి వెనక చీపురు పడితే, మళ్ళీ రావద్దని అడుగుజాడ తుడిచేసినట్టు. నాకు ఇలాంటివాటి మీద పట్టింపు లేదు. అయితే కడుపుతో ఉన్న మనిషి గడపలో నిలబడి అడిగితే, వాదించేంత తెలివితక్కువవాణ్ణీ కాదు. విన్నానన్నాను.

వాళ్ళని ఎయిర్‌పోర్టులో దింపి, అటు నుంచి అటే డ్యూటీకి వెళ్ళాను. తెల్లారి మధ్యాహ్నం దాకా ఒక మాల్ కప్పు మీద పెద్ద ఏసీ చిల్లర్ పని. పని అయ్యాక ఇంటికొచ్చి తాళం తీశాను.

హాలు ఊడ్చి ఉంది.

తాళ్ళు, టేపు, పేపర్లు, దుమ్ము అంతా తలుపు వెనక మూలలో ఒక కుప్పగా చేసి ఉంది. నేల మీద గీతలు కూడా కనిపిస్తున్నాయి. మొదట నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. చాచా ఎవడో క్లీనర్ని పంపి ఉంటాడు, కొత్తవాళ్ళకి ఇల్లు చూపించడానికి అనుకున్నాను. దిగి వెళ్ళి అడిగాను. ఆయన తన దగ్గరున్న తాళంచెవిని మేకుకు తగిలించినచోటే చూపించాడు. దాని మీద కూడా దుమ్ము ఉంది.

ఇంకా కొట్టు ముందే నిలబడి ఉన్నాను, ఫోన్ మోగింది. మా బావమరిది. విమానం దిగేముందే సుజాతకి నొప్పులు మొదలయ్యాయట, రక్తం పోతోందట. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి జగిత్యాల పోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బిడ్డ ఎన్నాళ్ళు కడుపులో ఉంటే అంత మంచిది, మంచం దిగకూడదు, కదపకూడదు అన్నారు డాక్టర్లు. తల్లికి గ్యారంటీ ఇవ్వలేం అని కూడా అన్నారు. ఆ మాట బావమరిది నాకు చాలా సేపటికి చెప్పాడు.

నేను వెంటనే వెళ్ళిపోదామనుకున్నాను. కంపెనీ ఆఫీసులో కాళ్ళావేళ్ళా పడ్డాను. సిస్టమ్ బ్లాక్ అయింది, వెళ్ళి తిరిగొచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా పడదు అన్నారు. కంపెనీ రంగు పచ్చకి మారితే పడుతుందట. నా భార్య ఆసుపత్రిలో రక్తం ఓడుతుంటే నేను ఒక రంగు కోసం ఎదురుచూడాలి. ఆ రోజు ఆఫీసు గోడకి తలకొట్టుకోవాలనిపించింది. నిజంగా.

ఆ తర్వాత ఇంట్లో నిలకడ లేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే ఎక్కడికో పోవాలని. అన్నం వండి తినడం మరిచిపోయేవాణ్ణి. మా అత్తమ్మ ఫోన్‌లో ఒకటే మాట. "ఇంక ఇల్లు చేరలే బిడ్డా, దవఖాన్లనే ఉన్నం." ఇల్లు చేరలేదు. అంటే నేను ఊడవకూడదు. నమ్మకం లేని పట్టింపుని నేను గట్టిగా పట్టుకున్నది అప్పుడే. చేతిలో వేరే ఏముంది?

కానీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఊడ్చి ఉండేది. ఒకరోజు పడకగది. ఒకరోజు వంటగది గడప. నేను తాళం మార్చాను. ఆ తాళంచెవి ఒక్కటే, అది నా జేబులోనే. డ్యూటీకి పోయేటప్పుడు తలుపుకీ ద్వారబంధానికీ కలిపి అల్యూమినియం టేపు అంటించాను. ఏసీ డక్టులకి మేం వాడేది, ఒకసారి పీకితే మళ్ళీ అలాగే అంటుకోదు. తిరిగి వచ్చేసరికి టేపు అంటించినట్టే ఉంది. లోపల హాలు సగం ఊడ్చి ఉంది.

దుమ్ము సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. జెడ్డాలో ఏ ఇంటి ఫిల్టర్ విప్పినా ఆ ఇంటి దుమ్ము జాతకం చెబుతాను. ఏసీ గాలికి దుమ్ము ఒక పక్కకి చేరుతుంది, నిజమే. కానీ గాలి కుప్ప పెట్టదు. కిటికీలు మూసి ఏసీ ఆపేసి చూశాను, అయినా ఊడ్చి ఉంది. పైగా ఆ గీతలు. మా ఇంట్లో ఉన్నది సూపర్‌మార్కెట్‌లో కొన్న ప్లాస్టిక్ చీపురు. దాంతో అలాంటి గీతలు పడవు. అవి సన్నగా, దగ్గరదగ్గరగా, అర్ధచంద్రాకారంలో ఉన్నాయి. మా ఊళ్ళో వాకిలి ఊకితే ఈతచీపురుతో పడే గీతలు అచ్చం అలాగే ఉంటాయి. అవి చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు తెలియదా?

ఆర్మూర్ నుంచి వచ్చిన గంగన్న మా కంపెనీలోనే ఎలక్ట్రీషియన్. వాడికి చెప్పాను. "సౌదీ దాంక వచ్చి గూడ చీపురు పట్టింపేంది రా భాయ్. నిద్ర లేక నువ్వే ఊకుతున్నవేమో" అని నవ్వాడు. ఆ మాటా ఆలోచించాను. అబద్ధమెందుకు, నా చేతులు వాసన చూసుకున్నాను కూడా.

తర్వాత వచ్చిన శుక్రవారం నేను ఇంట్లోనే ఉన్నాను. జుమా నమాజ్ వేళ బలద్ మొత్తం నిశ్శబ్దమైపోతుంది. దుకాణాల షట్టర్లు వేసేస్తారు, సందులో పిల్లి కూడా కనబడదు. పడకగదిలో పడుకుని ఫోన్ వైపు చూస్తున్నాను. ఆ ఉదయం మళ్ళీ రక్తం పోయిందని కబురు.

అప్పుడు వినబడింది. హాల్లో ఎవరో ఊడుస్తున్నారు.

తొందరపాటు లేదు. సర్, సర్, సర్, కొంచెం ఆగడం, మళ్ళీ సర్, సర్. వంగి ఊడ్చే మనిషి ఒక అడుగు వెనక్కి వేసినప్పుడు ఆగినట్టు. అలవాటు కొద్దీ నేను ముందు ఏసీ వైపు చూశాను. ఆఫ్ చేసి ఉంది. ఫ్యాన్ లేదు. వాన కాదు, కిటికీ రెక్క కాదు. ఆ చప్పుడుకి సరిపోయే వస్తువు ఇంట్లో ఒక్కటీ లేదు. లేచి హాల్లోకి అడుగుపెట్టగానే ఆగిపోయింది.

మనిషి లేదు. నేల సగం దాకా కొత్త గీతలు. మధ్యలో కుప్ప, ఇంకా మూలకి చేర్చని కుప్ప. పని మధ్యలో నన్ను చూసి చేతులు ఆపినట్టుంది.

చెప్పులు లేకుండానే మెట్లు దిగి కొట్టు గట్టు మీద కూర్చున్నాను. నమాజ్ అయ్యి చాచా వచ్చి షట్టర్ ఎత్తేదాకా అక్కడే ఉన్నాను. నా ముఖం చూసి ఆయన ముందు నీళ్ళిచ్చాడు. అంతా చెప్పాను. పిచ్చివాడంటాడేమో అనుకున్నాను. ఆయన అలా అనలేదు. "చీపురు ఎటు నుంచి ఎటు?" అని అడిగాడు. లోపలి గది నుంచి మెట్ల వైపు అని చెప్పాను. ఆయన షట్టర్ మళ్ళీ సగం దించి, చెప్పడం మొదలుపెట్టాడు.

మాకంటే చాలా ఏళ్ళ ముందు మేముండే పైఅంతస్తులోనే ఒక యెమెన్ కుటుంబం ఉండేదట. ఆ ఇంటి ఇల్లాలిని ఉమ్ అవద్ అని పిలిచేవాళ్ళు. అవద్ తల్లి అని అర్థం. అప్పట్లో యెమెన్‌వాళ్ళకి ఇక్కడ కఫీల్, అంటే పూచీపడే సౌదీ మనిషి, అక్కర్లేదు. తాతల కాలం నుంచీ వచ్చి దుకాణాలు పెట్టుకుని, ఇక్కడే పిల్లల్ని కని, మాది ఈ ఊరే అనుకుని ఉన్నారు. ఇరాక్ కువైట్ మీద పడ్డ ఏడాది ఆ యుద్ధంలో యెమెన్ ఇరాక్ వైపు ఉందని సౌదీకి దానితో చెడింది. కొద్ది వారాల గడువిచ్చి, కఫీల్ని చూపించండి, లేదంటే దేశం వదలండి అన్నారు. లక్షల మంది కదిలారని చాచా చెప్పాడు. ఈ సందులోనే ఫ్రిజ్‌లు, కుట్టుమిషన్లు, మంచాలు అడ్డికి పావుశేరు చొప్పున ఇచ్చేశారట. మొన్న ఆ కుట్టుమిషన్ ఆమెను చూస్తూ ఆయన అన్న మాట నాకు అప్పుడు అర్థమైంది.

ఉమ్ అవద్ వాళ్ళు కూడా ట్రక్కు మాట్లాడుకున్నారు. పిల్లలు ట్రక్కులో సామాన్ల మీద కూర్చున్నారు, డ్రైవర్ హారన్ కొడుతున్నాడు, ఆమె మాత్రం కిందికి రావడం లేదు. చాచా పైకి వెళ్ళి చూస్తే, తాను అల్లుకున్న ఖర్జూరాకు చీపురుతో ఇల్లు ఊడుస్తోంది. గది తర్వాత గది, హాలు, మెట్లు. వెళ్ళగొడుతున్న ఇంటిని ఎవరి కోసం ఊడుస్తున్నావని ఆయన అడిగాడట.

"మురికి వదిలేసి పోయారని మమ్మల్ని ఎవరూ అనకూడదు" అన్నదట ఆమె.

మెట్ల చివరిదాకా ఊడ్చి, చీపురు గోడకి ఆనించి, ట్రక్కు ఎక్కింది. వాళ్ళు దక్షిణం రోడ్డున సరిహద్దు వైపు వెళ్ళారు. అంతే. అటువైపు డేరాల్లో చాలామంది చనిపోయారని ఇక్కడివాళ్ళు విన్నారు. అటు నుంచి వచ్చిన ప్రతి ట్రక్కు డ్రైవర్నీ చాచా ఏళ్ళ తరబడి అడిగాడు.

"ఇక్కణ్ణుంచి వెళ్ళిందని తెలుసు. చేరిందని తెలియదు" అన్నాడు.

నాకు అప్పుడు మా పట్టింపు చెప్పాలనిపించింది. చెప్పాను. ప్రయాణం వెళ్ళిన మనిషి చేరేదాకా ఇల్లు ఊడవకూడదని, ఊడిస్తే ఏమవుతుందంటారో కూడా. ఆయన ముఖం మారిపోయింది. ఆ మాట ఎందుకన్నానా అని నాలుక కరుచుకున్నాను.

"ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు. తర్వాత మేడ వైపు చూపించి, "చెబితే వినే మనిషే. వెళ్ళి చెప్పు" అన్నాడు.

ఎవరికి చెప్పాలి, ఖాళీ ఇంటికా? నాకు సిగ్గుగానే ఉంది. కానీ హైదరాబాద్‌లో ఒక మంచం మీద నా భార్య కదలకుండా పడుకుని ఉంది. పైకి వెళ్ళి హాలు మధ్యలో, ఆ కుప్ప పక్కన నిలబడ్డాను. నాకు వచ్చిన అరబ్బీ అంతా పని అరబ్బీ. చెడిపోయింది, వేడిగా ఉంది, అయిపోయింది, రేపొస్తా. దాంతో ఈ మాట చెప్పలేను. అందుకని మా భాషలోనే చెప్పాను.

"అమ్మా, ఊకకు. మావోళ్ళు ఇంక ఇల్లు చేరలే. చేరినంక నీ ఇష్టం."

చెప్పి, ఆ కుప్పలోని చెత్తని నేనే చేత్తో మళ్ళీ హాలంతా చల్లేశాను. ఎవరైనా చూస్తే పిచ్చాసుపత్రిలో పడేసేవాళ్ళు.

ఆ తర్వాత ఊడవడం ఆగిపోయింది.

ఆగిందంటే పూర్తిగా ఆగింది. రోజూ వచ్చి నేల చూసేవాణ్ణి. దుమ్ము పేరుకుంది. మధ్యలో ఒకరోజు ఇసుక గాలి వచ్చి ఊరంతా పసుపైంది. కిటికీ జాలీల్లోంచి ఇసుక దిగి గదుల్లో పొరలా పరుచుకుంది. దాంట్లో తలుపు నుంచి మంచానికి, మంచం నుంచి వంటగదికి నా కాలిగుర్తులు ఒక దారి పడ్డాయి. నావి తప్ప వేరే గుర్తులు లేవు. గంగన్న ఒకసారి వచ్చి గడపలోనే ఆగిపోయాడు. "ఇది ఇల్లా, సైటా?" అన్నాడు. నేను వాణ్ణి లోపలికి రానివ్వలేదు. వాడికి చీపురు పట్టాలని బుద్ధి పుడుతుందేమోనని భయం.

అక్కడ సుజాతకి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, అరచేయంత. గాజుపెట్టెలో పెట్టారు. సుజాతకి రక్తం ఎక్కించారు, తర్వాత జ్వరం తగులుకుంది. తల్లి ఒక అంతస్తులో, బిడ్డ ఒక అంతస్తులో. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. ఎప్పటికప్పుడు అత్తమ్మను అదే అడిగేవాణ్ణి, ఇంటికి ఎప్పుడు పంపుతారని. "డాక్టరమ్మ ఇంక చెప్పలే" అనేది.

ఒకరోజు పని మీద పొద్దంతా ఒక భవనం బేస్‌మెంట్‌లో ఉన్నాను, సిగ్నల్ లేదు. మధ్యాహ్నం దాటాక ఇంటికి వచ్చాను. మెట్ల దగ్గరే ఆగాను. మెట్లు ఊడ్చి ఉన్నాయి. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా, ఇసుక రేణువు లేదు.

తలుపు తీశాను. మొత్తం ఇల్లు అద్దంలా ఉంది. రెండు గదులు, హాలు, వంటగది, మంచాల కింద కూడా. అంత ఇసుక, నా కాలిగుర్తుల దారి, ఏమీ లేవు. నేల మీద ఆ సన్నటి గీతలు మాత్రం ఉన్నాయి.

నాకు ఒకటే అర్థమైంది. అయిపోయింది. తల్లో బిడ్డో, లేక ఇద్దరూనో. ఆమెను చేరేదాకా ఆగమని అడిగాను, ఆగకుండా ఊడ్చేసింది అంటే ఇక చేరేది లేదు. అక్కడే గోడకి చేరగిలబడి కూర్చుండిపోయాను. జేబులో ఫోన్ ఉంది, తీసి చూసే ధైర్యం లేదు. ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. పెద్దగా ఏడ్చాను, అది మాత్రం గుర్తుంది.

తల ఎత్తితే కిటికీ గట్టు మీద ఏదో మెరిసింది. అక్షర మువ్వ. ఎవరో తుడిచి, గట్టు మధ్యలో ఒక్కదాన్నే పెట్టారు.

దాన్ని చేతిలోకి తీసుకున్నాక గానీ ఫోన్ తీయలేకపోయాను. మిస్డ్ కాల్స్ బోలెడున్నాయి. మా బావమరిదికి చేశాను. వాడు నన్ను తిట్టాడు, ఎంతసేపటి నుంచి చేస్తున్నామని. పొద్దున డాక్టరమ్మ అనుకోకుండా ఇద్దర్నీ ఇంటికి పంపించేసిందట. దారిలో నేను కంగారు పడతానని, చేరాకే చెబుదామనుకున్నారట. ఫోన్‌లో వెనక మా అత్తమ్మ దిష్టి తీస్తున్న సందడి, అక్షర అరుపు వినిపించాయి. తర్వాత సుజాత గొంతు, సన్నగా.

"గడప దాటినం. చిన్నది నిద్రపోతున్నది. ఇగ ఊకుకో" అన్నది. ఆమెకు ఆ చీపురు సంగతి గుర్తుంది.

"ఊకుడు అయింది" అన్నాను.

"అప్పుడేనా? ఎవలు ఊకిండ్రు?"

చాచా మనిషిని పంపాడని అబద్ధం చెప్పాను. బాలింతకి ఫోన్‌లో చెప్పే ముచ్చట కాదు.

సాలిం చాచాకి మాత్రం నిజమే చెప్పాను. మా వాళ్ళు చేరారనీ, ఇల్లు ఊడ్చి ఉందనీ. ఆయన కళ్ళు తుడుచుకుని, పిల్లలకి పంపమని యాలకులు పొట్లం కట్టాడు. ఒక్కసారి పైకి వచ్చి చూడమని బతిమాలాను. రానన్నాడు. "మోకాళ్ళని అందరికీ చెబుతాను గానీ, ఆమె ఊడ్చి వెళ్ళిన మెట్లు నేను తొక్కలేదు" అన్నాడు.

కొన్ని నెలలకి మా కంపెనీ ఎరుపులోకి పడింది. నాకూ ఎగ్జిట్ వచ్చింది. ఆ నెలల్లో ఇంట్లో మళ్ళీ ఏ చప్పుడూ లేదు. నేనే ఊడ్చుకున్నాను, ప్లాస్టిక్ చీపురుతో. వెళ్ళే రోజు మాత్రం ఊడవలేదు. కార్టన్ కట్టిన తాళ్ళ ముక్కలు అలాగే వదిలేసి, గడపలో నిలబడి, వెళ్ళొస్తానమ్మా అన్నాను. మళ్ళీ వచ్చేది లేదని తెలుసు. అయినా మనం అలాగే అంటాం కదా.

అన్ని కోణాల్లోంచీ ఆలోచించాను. మారు తాళంచెవి ఇంకెవరి దగ్గరైనా ఉందా అంటే, తాళం కొత్తది. నేనే మతి తప్పి ఊడ్చానా అంటే, ఇల్లంతా ఊడ్చిన ఆ రోజు నేను బేస్‌మెంట్‌లో ఉన్నాను, నాతో మరో ఇద్దరు ఉన్నారు. మువ్వ ఎక్కడ దొరికింది, ఎవరు తుడిచారు, తెలియదు. హైదరాబాద్ నుంచి బయల్దేరిన కారు జగిత్యాలలో మా అత్తగారి గడప ముందు ఆగిన సంగతి బలద్‌లో ఆ ఇంటికి నాకంటే ముందు ఎలా తెలిసింది? నా స్క్రూడ్రైవర్‌కి అది ఇప్పటిదాకా దొరకలేదు.

నేను ఊరు చేరిన రాత్రి సుజాతకి మొత్తం చెప్పాను, ఉమ్ అవద్ కథతో సహా. పట్టింపు మనిషి బయల్దేరిన ఇంటికే అయినా, నేను బయల్దేరినప్పటి నుంచి వాళ్ళూ ఇల్లు ఊడవలేదు, నేల మీద అన్నం మెతుకులు, కాగితాలు. తెల్లారి లేచి చీపురు చేతిలోకి తీసుకుంది.

"ఇగ నువ్వు గూడ చేరినవు గదా. ఊకుత" అన్నది.

"జర ఆగు" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. "ఇంకొకామె చేరలే."

సుజాత నా వైపు చూసింది. నవ్వుతుందనుకున్నాను. చీపురు తీసుకెళ్ళి మూలన ఆనించి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఉమ్ అవద్ చేరిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఇల్లు మాత్రం ఆ రోజంతా ఊడవలేదు.